తలకు ముప్ఫై రూపాయల సేవ: మా ఎంపీ గారి పని మీద రివ్యూ

మా ఎంపీ గారి ఆఫీసు వాళ్ళు ఈమధ్య ఇంటింటికీ ఒక పుస్తకం పంచారు. ఆర్టు పేపరు, రంగుల ఫొటోలు, అట్ట మీద ‘ప్రగతి నివేదిక’ అని బంగారు రంగు అక్షరాలు. సగం పుస్తకం పార్లమెంటులో చేసిన పని, మిగతా సగం నియోజకవర్గానికి తెచ్చిన నిధులు. నేను సబ్ ట్రెజరీలో బిల్లులు చూసి రిటైరైన మనిషిని. అంకె కనబడితే దాని వెనక వోచరు ఉందా లేదా అని వెతకడం ఇంకా పోలేదు. అందుకని ఆ పుస్తకానికీ, ఆ ఆఫీసు మా పేటకు చేసిపెట్టిన పనికీ కలిపి ఈ రివ్యూ. ఆయన పేరూ పార్టీ చెప్పను. చెబితే చదివేవాళ్ళు పార్టీనే చూస్తారు, పని చూడరు. గోదావరి డెల్టాలో ఏదో ఒక నియోజకవర్గం అనుకోండి.

ముందు పార్లమెంటు సంగతి. ‘వందకు పైగా ప్రశ్నలు’ అని ఒక పేజీ నిండా వేసుకున్నారు. ప్రశ్నల్లో రెండు రకాలుంటాయి. నక్షత్రం గుర్తున్న ప్రశ్నకు మంత్రి సభలో లేచి నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. నక్షత్రం లేనిదానికి కాగితం మీద జవాబు వస్తుంది. అడిగిన సభ్యుడు ఆరోజు ఢిల్లీలో లేకపోయినా వస్తుంది. లోక్‌సభలో రోజుకు నక్షత్రం ప్రశ్నలు 20, మామూలువి 230 దాకా జాబితాకెక్కుతాయి. ఆ ఇరవైలో కూడా ప్రశ్నోత్తరాల గంటలోపు సభలో జవాబు దొరికేవి కొన్నే. పార్లమెంటు వారి సన్సద్ వెబ్‌సైట్‌లో సభ్యుడి పేరు కొడితే ఆయన అడిగినవన్నీ జవాబుల పీడీఎఫ్‌లతో సహా కనబడతాయి. మా ఎంపీ గారివి తెరిచి వరసగా చదివాను. ఎక్కువ భాగం నక్షత్రం లేనివే. వాటిలో చాలావాటిని ఏ రాష్ట్రం సభ్యుడైనా అడగొచ్చు. ఫలానా పథకం కింద రాష్ట్రాలవారీగా ఎంత విడుదల చేశారు, ఇంకో పథకం లక్ష్యాలేమిటి, ఇలాంటివి. వీటిని కూడా వందలో కలిపి చెప్పుకోవడం నాకు నచ్చలేదు.

కానీ కోటిపల్లి–నర్సాపురం రైలు మార్గం మీద ఆయన అడిగినవి చదివాక గౌరవం కలిగింది. మా వైపు వాళ్ళకు ఈ లైను కథ చెప్పక్కర్లేదు. 2000–01లో మంజూరైంది, పొడవు 57 కిలోమీటర్లు, గౌతమి, వైనతేయ, వశిష్ఠ అనే గోదావరి పాయల మీద మూడు పెద్ద వంతెనలు కట్టాలి. అప్పటి లోక్‌సభ స్పీకరు, అమలాపురం ఎంపీ బాలయోగి గారి పేరు ఈ లైనుతో ముడిపడి ఉంది. ఆయన 2002 మార్చిలో హెలికాప్టరు ప్రమాదంలో పోయారు. ఖర్చులో 25 శాతం రాష్ట్రం భరించాలన్న ఒప్పందం ఉంది కాబట్టి, ఆలస్యానికి కారణమేమిటంటే ఒకరి వైపు ఒకరు చూపించుకోవడానికి వీలుంది. మా ఎంపీ ‘ఎప్పుడు పూర్తవుతుంది’ అని అడిగి ఊరుకోలేదు. ఏ పాయ మీద వంతెన ఎంతవరకు వచ్చింది, రాష్ట్రం వాటా ఇంతవరకు ఎంత జమైంది, ఎన్ని ఎకరాల సేకరణ మిగిలింది, ఈ ఏడాది కేటాయింపులో ఎంత ఖర్చయింది అని ముక్కలు ముక్కలుగా అడిగారు. అలా అడిగితే ‘పనులు పురోగతిలో ఉన్నాయి’ అనే జవాబు సరిపోదు, అంకె చెప్పి తీరాలి. బిల్లు మీద అబ్జెక్షన్ రాసేటప్పుడు మేమూ అంతే, మొత్తం మీద అనుమానముంది అని రాయం, ఫలానా ఐటమ్‌కు కొలత లేదు అని రాస్తాం.

విచిత్రమేమిటంటే పుస్తకంలో ఈ ప్రశ్నలకు దక్కింది రెండు లైన్లు. మంత్రికి శాలువా కప్పుతున్న ఫొటోకు మాత్రం పూర్తి పేజీ.

‘చారిత్రాత్మక బిల్లులకు మద్దతు’ అనే అధ్యాయం తీసేసినా నష్టం లేదు. 1985లో పదో షెడ్యూలు వచ్చినప్పటి నుంచీ పార్టీ విప్ (ఇలా ఓటేయాలన్న ఆదేశం) ఇచ్చాక దానికి వ్యతిరేకంగా ఓటేస్తే సభ్యత్వానికే ఎసరు. విప్ ప్రకారం చెయ్యెత్తడం ఆయన ప్రతిభ కిందకు రాదు. కొబ్బరి రైతుల కోసం ప్రైవేటు మెంబరు బిల్లు (మంత్రి కాని సభ్యుడు సొంతంగా పెట్టే బిల్లు) ఒకటి పెట్టారు, దాన్ని మాత్రం మెచ్చుకుంటాను. ఇలాంటి బిల్లులు ఇప్పటిదాకా చట్టమైనవి 14 మాత్రమే, చివరిది 1970లో. అది గట్టెక్కదని ఆయనకూ తెలుసు. అయినా మన కొబ్బరి రైతు గోడు సభ రికార్డులో ఒక బిల్లు రూపంలో ఉంది.

ఇక డబ్బులు. పుస్తకం ఆఖరి పేజీలో కొన్ని వందల కోట్లు తెచ్చినట్టు ఒక మొత్తం వేశారు. దాన్ని నేను మూడు కుప్పలు చేసి చూశాను. మొదటిది ఎవరు ఎంపీగా ఉన్నా వచ్చే డబ్బు. పంచాయతీలకు ఆర్థిక సంఘం గ్రాంట్లు సూత్రం ప్రకారం వస్తాయి, ఎవరూ మోసుకురానక్కర్లేదు. అవి కూడా ఈ మొత్తంలో ఉన్నాయి! రెండోది తిరిగితేనే వచ్చేది, రైల్వే గేటు దగ్గర వంతెన లాంటిది. ఫైలు వెంట ఎవరో ఒకరు పడాలి, ఈయన పడ్డారు, ఉత్తరాలు నేను చూశాను. మూడోది ఆయన చేతిలో ఉన్న అసలు డబ్బు, ఎంపీ లాడ్స్, అంటే ఎంపీ సిఫార్సు చేసే స్థానిక పనులకు కేంద్రం ఇచ్చే నిధి. మన పీవీ గారు ప్రధానిగా ఉండగా 1993 డిసెంబరులో మొదలైన పథకం. 2011–12 నుంచి ఏడాదికి ఐదు కోట్లు. కోవిడ్ వచ్చాక 2020 ఏప్రిల్‌లో ఆపేశారు, 2021 నవంబరులో మళ్ళీ మొదలెట్టారు. అప్పటి ఎంపీ ఒక్క రోడ్డూ వేయలేదని తిట్టేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఐదు కోట్లంటే వినడానికి బావుంటుంది. ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లకు పంచితే ఒక్కోదానికి 71 లక్షలు. మన రాష్ట్రంలో ఒక లోక్‌సభ సీటుకు సగటున పదహారు లక్షలకు పైగా ఓటర్లున్నారు, అంటే తలకు ఏడాదికి ముప్ఫై రూపాయలు. కాకినాడ కాజా కొంటే నాలుగు ముక్కలు కూడా రావేమో. కాబట్టి ఎంత తెచ్చారన్నదాని కంటే ఆ ముప్ఫై ఎవరి వీధికి పోయిందన్నదే నేను చూస్తాను.

మా పేట శ్మశానానికి వెళ్ళాలంటే ఒక మురుగు కోడు (కాలువ) దాటాలి. దాని మీద తాటి దుంగలు వేసి ఉండేవి. పాడె అయినా, పెట్టె అయినా, వానాకాలంలో మోసేవాళ్ళు మోకాలి లోతు నీళ్ళలో దిగాల్సిందే. కల్వర్టు కావాలని అర్జీ రాసి క్యాంపు ఆఫీసులో ఇచ్చాం. అక్కడి కుర్రాడు మర్యాదస్తుడే, కుర్చీ వేసి టీ ఇచ్చాడు. అర్జీకి నంబరు మాత్రం ఇవ్వలేదు. తర్వాత వెళితే ఆ కాగితం లేదు. మళ్ళీ రాసిచ్చాం. ఈసారి జవాబు, ‘ఈ ఏడు నిధులు అయిపోయాయండి బాబాయ్ గారూ, వచ్చే ఏడు చూద్దామండి, ఆయ్.’

‘జనరల్‌వి అయిపోయాయేమో బాబూ, మాలాంటి ఎస్సీ ప్రాంతాలకు ఖర్చు పెట్టాల్సిన పదిహేను శాతం ఏమైంది?’ అన్నాను. ఐదు కోట్లలో 15 శాతం, అంటే 75 లక్షలు, ఎస్సీలు నివసించే చోట్ల పనులకు సిఫార్సు చేయాలని మార్గదర్శకాల్లోనే ఉంది. ఎస్టీ ప్రాంతాలకు మరో ఏడున్నర శాతం. కుర్రాడికి ఆ మాట కొత్తగా ఉంది. కలెక్టరేట్‌లో సీపీఓ (ముఖ్య ప్రణాళికాధికారి) ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కుంటే అందులో సొమ్ము మిగిలే ఉంది. సిఫార్సు లేఖ వెంటనే కదిలింది. ఇందులో నాకు కోపం తెప్పించింది ఒక్కటే, ట్రెజరీలో పనిచేసినవాడు పేటలో ఉండబట్టి ఆ ప్రశ్న అడగగలిగాం. పక్క పేటలో అలాంటివాడు లేడు.

ఎంపీ సిఫార్సు చేస్తారంతే, పని మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం. ఇది తెలియక చాలామంది లెటర్ రాగానే స్వీట్లు పంచేస్తారు. లెటర్ తర్వాత పంచాయతీరాజ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) వచ్చి కొలతలు తీశారు, ఎస్టిమేటు వేశారు. ఆ కోడు మరో శాఖది కాబట్టి వాళ్ళ అభ్యంతరం లేదన్న కాగితం కావాలన్నారు. అన్నిటికంటే ఎక్కువ ఆలస్యం అక్కడే. ఇక్కడ ఎంపీ ఆఫీసు పని చేసింది. అదే కుర్రాడు పెద్ద ఇంజినీరు గారికి ఫోన్ల మీద ఫోన్లు చేశాడు, ఒకసారి ఎంపీ గారే మాట్లాడారట. కాగితం వచ్చింది. నిజానికి ఎంపీ ఆఫీసు ఉండేది ఇందుకే అంటాను నేను. శిలాఫలకం ఎవరైనా వేయిస్తారు.

2023 ఏప్రిల్ నుంచి ఈ నిధుల పద్ధతి మారడం కూడా మంచిదైంది. ఇదివరకు కేంద్రం నుంచి డబ్బు విడతలుగా జిల్లా ఖాతాకు వచ్చేది. యూసీలు (ఖర్చు పెట్టినట్టు ధ్రువపత్రాలు) వెళ్ళకపోతే తర్వాతి విడత ఆగిపోయేది. ఇప్పుడు ఈ-సాక్షి పోర్టల్‌లోనే సిఫార్సు, మంజూరు, బిల్లు అన్నీ నడుస్తాయి, సొమ్ము నేరుగా పని చేసినవాళ్ళ ఖాతాకు పోతుంది. మా కాలంలో ఇది ఉంటే సగం టెన్షన్ తగ్గేది.

మీరు అర్జీ ఇచ్చేటట్టయితే ఒక మాట. రెండు కాపీలు పట్టుకెళ్ళి ఒకదాని మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. స్థలం సర్వే నంబరు, అది ఏ శాఖదో, పంచాయతీ తీర్మానం ఉందో లేదో అందులోనే రాసేయండి. ప్రైవేటు స్థలంలో పనికి ఈ నిధులు రావు. గుడి, చర్చి, మసీదు పనులకూ రావు, వాటి కోసం అడిగి మొహమాట పెట్టొద్దు.

ఐదుకి మూడున్నర ఇస్తున్నాను. పార్లమెంటు పనికి ఒకటిన్నర, అదీ రైలు ప్రశ్నల వల్ల. కల్వర్టు వెంట పడినందుకు ఒకటిన్నర. పుస్తకం అచ్చుకు అర. అర్జీకి నంబరు ఇవ్వనందుకు, 15 శాతం సంగతి వాళ్ళంతట వాళ్ళు చెప్పనందుకు మిగతాది కోత. శ్లాబు పడింది, ఎంపీ గారి పేరుతో ఫలకం కూడా బిగించేశారు. ఎస్టిమేటులో ఉన్న అప్రోచ్ మట్టి మాత్రం కాంట్రాక్టరు ఇంకా రెండు వైపులా తోలలేదు. కొలతలు రాసే ఎం-బుక్‌లో ఆ కొలత ఎక్కిందో లేదో చూపించమని సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. మట్టి పడ్డాక ఇంకో అర కలుపుతాను.