ట్రావెల్ ఏజెంటుతో విదేశీ ప్రయాణాలు: ఏడేళ్ళ అనుభవం

2018 నుంచి 2025 దాకా మా ఇంట్లో అయిదు విదేశీ ప్రయాణాలు అనుకున్నాం, నాలుగు చేశాం. మూడు ట్రావెల్ ఏజెంట్ల ద్వారా, ఒకటి సొంతంగా. జరగని అయిదోది ఏజెంటు దగ్గరే మొదలై అక్కడే ఆగిపోయింది. మేముండేది విశాఖలో. మా ఆయన, నేను, ఇద్దరు పిల్లలు, అత్తయ్య, మావయ్య, మొత్తం ఆరుగురం. "ఏజెంటు దగ్గరికి వెళ్ళాలా, మనమే బుక్ చేసుకోవాలా" అని స్టాఫ్ రూములో అందరూ నన్నే అడుగుతుంటారు. ప్రతిసారీ మొదట్నుంచి చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

మొదటిది సింగపూర్, మలేసియా, 2018 డిసెంబరు. బాబుకి ఏడేళ్ళు, పాపకి మూడు. పాస్‌పోర్టులు తప్ప మాకేమీ తెలియదు. సింగపూర్ వీసాకి మామూలుగా మనం నేరుగా దరఖాస్తు పెట్టుకోలేం, వాళ్ళు గుర్తించిన వీసా ఏజెంట్ల ద్వారానే వెళ్ళాలి. అప్పట్లో మలేసియాకీ వీసా కావాలి. అందుకని ఒక చిన్న ఆఫీసుకి వెళ్ళాం. ఆయన టీ తెప్పించి, గోడ మీద ఫోటోలన్నీ చూపించి, "మీరు బట్టలు సర్దుకోండి మేడమ్, మిగతాది నాకు వదిలేయండి" అన్నాడు. వదిలేశాం. అదే మేం చేసిన తప్పు.

వీసాలు, టికెట్లు, హోటల్ వోచర్లు అన్నీ ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టి సమయానికే ఇచ్చాడు. ఆ విషయంలో వంక పెట్టడానికి లేదు. వంకంతా ప్రోగ్రాం కాగితంలో ఉంది. విశాఖ నుంచి రాత్రి బయల్దేరిన విమానం తెల్లవారకముందే సింగపూర్‌లో దించింది. హోటల్లో గది ఇచ్చేది మధ్యాహ్నం మూడింటికి. ఈ రెంటి మధ్యా ఏం చేయాలో కాగితంలో ఒక్క ముక్క లేదు. లాబీ సోఫాల మీద పిల్లల్ని పడుకోబెట్టి, మావయ్య తువ్వాలు కప్పి, అత్తయ్య తెచ్చిన పులిహోర అక్కడే తిన్నాం. రాత్రంతా నిద్రలేని ఆ రోజే సాయంత్రం నైట్ సఫారీ పెట్టాడు. ట్రామ్ ఎక్కీ ఎక్కగానే పాప నిద్రపోయింది. సింహాన్ని చూశానని ఇప్పటికీ చెబుతుంది కానీ చూడలేదు, నా ఒళ్ళో ఉంది.

హోటల్ సంగతి ఇంకా తమాషా. కొటేషన్‌లో ఒక మంచి హోటల్ పేరు రాసి పక్కనే "ఆర్ సిమిలర్" అని ఉంది. ఆ రెండు ముక్కల బరువు నాకు తర్వాత తెలిసింది. మమ్మల్ని దించింది గేలాంగ్‌లో. గది శుభ్రంగానే ఉంది, తిండీ దొరికింది. కానీ సాయంత్రం అలా నడిచొస్తానని వెళ్ళిన మావయ్య పది నిమిషాల్లో తిరిగొచ్చి, "ఇటువైపు మీరెవరూ రావద్దు" అని గంభీరంగా చెప్పి టీవీ పెట్టుకున్నారు. ఆ పేట రెడ్ లైట్ ఏరియా అని సింగపూర్‌లో అందరికీ తెలుసట, మాకే తెలియదు. తక్కువ ధర హోటళ్ళు అక్కడ ఎక్కువ కాబట్టి చౌక ప్యాకేజీలు చాలావరకు అటే తీసుకెళ్తాయి. అప్పటి నుంచి హోటల్ పేరు, వీధి పేరు ఖాయంగా రాసివ్వనిదే అడ్వాన్సు ఇవ్వడం మానేశాం.

కౌలాలంపూర్‌లో మురుగన్ గుడి ఉన్న బతు గుహల దగ్గర బస్సు ఆపి నలభై అయిదు నిమిషాలు టైమిచ్చారు. 272 మెట్లు. అత్తయ్య వయసులో ఉండగా సింహాచలం మెట్ల మీదుగానే కొండ ఎక్కిన మనిషి. మోకాళ్ళు అరిగాక కూడా ఎక్కుతాననే అన్నారు. గంటన్నర ఇస్తే కూర్చుంటూ లేస్తూ ఎక్కేవారే. కింద 140 అడుగుల మురుగన్ విగ్రహం ముందు నిలబడి, పైకి చూసి దణ్ణం పెట్టుకుని వచ్చేశారు. ఆ వెంటనే చాక్లెట్ల షాపు దగ్గర బస్సు గంటసేపు ఆగింది. దేవుడికి ముప్పావు గంట, చాక్లెట్లకి గంట! ఆ షాపు దగ్గర ఎవరికెంత ముడుతుందో నేను అడగలేదు, మా ఏజెంటూ చెప్పలేదు.

ఇక్కడ ఒక మాట తెలుసుకోవాలి. మా ప్యాకేజీ "ఎస్ఐసీ", అంటే సీట్ ఇన్ కోచ్. రకరకాల హోటళ్ళ నుంచి జనాన్ని పోగుచేసుకునే బస్సులో మనకో సీటు. లాబీలో అయిదు నిమిషాలు ఆలస్యమైతే వదిలి వెళ్ళిపోతుంది. పసిపిల్లలు, పెద్దవాళ్ళు ఉన్న ఇంటికి ఇది పనికిరాదు. ఆరుగురికి విడిగా వ్యాన్ తీసుకుంటే తలకి పెరిగేది పెద్ద మొత్తం కాదని తర్వాత లెక్క వేస్తే తేలింది. ఇద్దరు వెళ్తే మాత్రం బస్సే నయం.

అయినా 2020 మే నెలకి యూరప్ అనుకున్నప్పుడు మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్ళాం. తెలిసిన మనిషి కదా అని. జనవరిలో మూడు లక్షలు అడ్వాన్సు, అదీ ఆయన సొంత ఖాతాకి పంపాం. మార్చి 25న లాక్‌డౌన్ వచ్చింది. ఆ తర్వాత తెలిసిన సంగతేమిటంటే, ఏజెంటు ద్వారా కొన్న టికెట్ రద్దయితే ఎయిర్‌లైన్ ఇచ్చే రీఫండ్ మన ఖాతాకి రాదు, ఏజెంటు ఖాతాకే పోతుంది. ఆయన ఫోన్ ఒక రోజు మోగేది, నాలుగు రోజులు మోగేది కాదు. అక్టోబరు 1న విమాన టికెట్ల రీఫండ్ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఆ పేపర్ కటింగ్ ఫోటో తీసి పంపాక కాస్త కదలిక వచ్చింది. పదివేలు, ఇరవైవేలు చొప్పున 2021 ఫిబ్రవరి నాటికి లక్షా నలభై వేలు చేతికందాయి. మిగతాదానికి "తర్వాత ట్రిప్పులో సర్దుతాను" అన్నాడు. ఆ తర్వాత ట్రిప్పు నాటికి ఆఫీసే లేదు. ఇప్పుడక్కడ మొబైల్ కవర్ల షాపు నడుస్తోంది.

మోసం చేశాడని అనను. మా డబ్బుతోపాటు ఆయన డబ్బూ ఎక్కడో హోటళ్ళ దగ్గర ఇరుక్కుపోయింది. కానీ కంపెనీ ఖాతాకి కాకుండా మనిషి ఖాతాకి డబ్బు వేశాక, అడగడానికి మన చేతిలో కాగితం ఉండదు. అప్పటి నుంచి జీఎస్టీ నంబరున్న బిల్లు లేనిదే పైసా ఇవ్వడం లేదు. టికెట్ తీసిన రోజే ఎయిర్‌లైన్ సైట్లో పీఎన్ఆర్ కొట్టి చూసుకుంటాను, అక్కడ నా ఫోన్ నంబరూ ఉండేలా చూస్తాను.

రెండో ఏజెంటు ఒకావిడ. యాభై దాటి ఉంటాయి. చాలా ఏళ్ళు టికెటింగ్‌లో పనిచేసి, ఇప్పుడు ఇంటి నుంచే చేస్తున్నారు. గోడ మీద ఫోటోల్లేవు, టీ కూడా లేదు. 2022 డిసెంబరులో దుబాయ్ ఆవిడతోనే వెళ్ళాం. ఆవిడ విలువ తెలిసింది బయల్దేరడానికి నెల ముందు. ఒకరోజు రాత్రి ఫోన్ చేసి, "మీ అత్తగారి పాస్‌పోర్టు మొదటి పేజీ ఇంకోసారి ఫోటో తీసి పంపమ్మా" అన్నారు. పంపాను. "ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది. ఒక్క పేరే ఉన్నవాళ్ళకి యూఏఈ వాళ్ళు టూరిస్టు వీసా ఇవ్వడం లేదు, నవంబరు 21 నుంచి కొత్త రూలు" అన్నారు.

ఈ పేర్ల గొడవ మన తెలుగువాళ్ళకి ఎంత తలనొప్పో తెలిసిందే. ఇంటిపేరు ముందు రాసేది మనం, వెనక అడిగేది వాళ్ళు. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, పాన్‌లో పూర్తి పేరు, పదో తరగతి సర్టిఫికెట్లో ఇంకోలా. అత్తయ్య తరం ఆడవాళ్ళకైతే పుట్టింటి పేరా, అత్తింటి పేరా అన్న ప్రశ్న ఎదురై, ఎవరో గుమాస్తా ఆ గడిని ఖాళీగా వదిలేస్తే అలాగే ఉండిపోయింది. ఆ రాత్రే తత్కాల్‌లో రీఇష్యూకి పెట్టాం. మామూలు 1,500 మీద ఇంకో 2,000 కట్టి, ఇంటిపేరు చేర్చిన కొత్త పాస్‌పోర్టు తెచ్చుకున్నాక వీసా వచ్చింది. మాకు మేమే బుక్ చేసుకుని ఉంటే, ఐదుగురికి వీసా వచ్చి అత్తయ్యకి రాకుండా, నాన్‌రీఫండబుల్ టికెట్ చేతిలో పట్టుకుని కూర్చునేవాళ్ళం. దుబాయ్ గురించి ఇంకేముంది, అందరూ చూసిందే చూశాం. హోటల్, ఎడారి సఫారీ కలిపి మాకు ఇంటర్నెట్‌లో కనబడిన ధరకంటే ఆవిడ ఇచ్చిందే తక్కువ.

2024లో మాకు కాస్త ధైర్యం వచ్చింది. విశాఖ నుంచి కౌలాలంపూర్‌కి నేరుగా విమానం మొదలైంది, మలేసియా అప్పటికే మనవాళ్ళకి వీసా తీసేసింది. దసరా సెలవులకి మా నలుగురం సొంతంగా బుక్ చేసుకుని వెళ్ళాం. బతు గుహల దగ్గర మూడు గంటలున్నాం, పాప మెట్లు లెక్కపెడుతూ ఎక్కింది. నేను ఏ ట్రిప్పులోనూ ఇంత హాయిగా లేను. ఒక్క విషయంలో తప్ప. లంకావి దీవికి వెళ్ళే విమానం వేళ మార్చారు. ఆ మెయిల్ స్పామ్‌లో పడింది. ఎయిర్‌పోర్టుకి వెళ్ళాక తెలిసింది. రాత్రి పదకొండింటికి మా ఆయన చాట్‌బాట్‌తో "మనిషిని పిలువు" అని గొడవ పడుతూ కూర్చున్నారు. అక్కడే ఆ రాత్రికి హోటల్ ఖర్చు, మర్నాటి టికెట్ ఖర్చు పడ్డాయి. మిగిల్చామనుకున్న దాంట్లో సగం అలా పోయింది. ఇంకో సంగతి, మలేసియా చేరడానికి ముందు మూడు రోజుల్లోపు నింపే డిజిటల్ అరైవల్ కార్డుకి ఫీజేమీ లేదు. మా ఆయన ఏదో సైట్లో డబ్బు కట్టబోతుంటే బాబు ఆపాడు.

ఇక 2025 మే, స్విట్జర్లాండ్, ప్యారిస్. షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే ఒకే వీసా) అనగానే మళ్ళీ ఆవిడ దగ్గరికే పరుగెత్తాం. ఎక్కువ రాత్రులు స్విట్జర్లాండ్‌లో కాబట్టి దరఖాస్తు అక్కడికే. ఫీజు తలకి 90 యూరోలు, పదేళ్ళ పాపకి 45. ముప్పైవేల యూరోల దాకా కవరేజీ ఉన్న ఇన్సూరెన్సు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, మా కాలేజీ నుంచి సెలవు లెటరు, పిల్లల స్కూల్ లెటర్లు, ఏ కాగితం తర్వాత ఏ కాగితం పెట్టాలో కూడా ఆవిడే వరస చెప్పారు. హైదరాబాద్ వీసా సెంటర్లో అదనపు సర్వీసులేవైనా అంటే వద్దనమని ముందే హెచ్చరించారు. నలుగురికీ వీసాలు వచ్చాయి.

మొత్తం ఎనిమిది లక్షల అరవై వేలు, దానిమీద అప్పటి లెక్క ప్రకారం 5 శాతం టీసీఎస్ (విదేశీ ప్యాకేజీ అమ్మేటప్పుడే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను), నలభై మూడు వేలు. ఇది ఏజెంటు జేబులోకి పోయేది కాదు, మన పాన్ మీద జమవుతుంది, రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటవుతుంది. కానీ బయల్దేరే ముందు చేతిలోంచి పోతుంది కదా, బడ్జెట్ వేసుకునేటప్పుడు మేం దాన్ని లెక్కలో పెట్టుకోలేదు. మా ఆయన రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగారు. ఈ శాతాలు మారుతుంటాయి, మీరు వెళ్ళేనాటికి ఎంతో ముందే అడగండి.

ఈసారి కొటేషన్ విడివిడిగా రాసివ్వమన్నాను: విమానం, హోటళ్ళు, రైళ్ళు, వీసా, ఆవిడ ఫీజు. కాస్త నొచ్చుకున్నారు కానీ ఇచ్చారు. చదువుతుంటే పిల్లలిద్దరికీ స్విస్ ట్రావెల్ పాస్ (అక్కడి రైళ్ళకీ బస్సులకీ కలిపి ఒకే టికెట్) ధర వేసి ఉంది. తల్లిదండ్రులు పాస్ కొంటే, వాళ్ళతోపాటు వచ్చే ఆరు నుంచి పదిహేనేళ్ళ పిల్లలకి ఫ్యామిలీ కార్డు ఉచితం. ఫోన్ చేసి అడిగితే, "అక్కడి సప్లయర్ వేశాడమ్మా, నేను చూసుకోలేదు" అని వెంటనే తీసేశారు. అడగకపోతే? అందుకే మొదటాయనకి అయిదుకి రెండు మార్కులిస్తే ఆవిడకి అయిదు ఇవ్వలేకపోతున్నాను, నాలుగే.

ఇంకొకటి నా తప్పు. యుంగ్‌ఫ్రావ్ కొండకి ఏ రోజు వెళ్ళాలో రెండు నెలల ముందే తేదీ వేయించేశాను. 3,454 మీటర్ల ఎత్తున రైలు దిగి బయటికొస్తే, అడుగు దూరంలో మా ఆయన కూడా కనబడలేదు, అంతా పాలలో ముంచినట్టుంది. మర్నాడు ఇంటర్‌లాకెన్‌లో ఎండ ఫెళ్ళున కాసింది. ఆ కొండ మీది కెమెరా దృశ్యాలు పొద్దున్నే ఫోన్‌లో చూసి, ఆకాశం బాగున్న రోజు టికెట్ కొనుక్కోవాలని హోటల్లో కాఫీ పోసే కుర్రాడు చెప్పాడు. అది విశాఖలో కూర్చున్న ఆవిడకి పట్టే సంగతి కాదు, పట్టాలని ఆశించడమూ అన్యాయం. ఇకమీదట కాగితాల పని ఆవిడది, ఏ రోజు ఎన్నింటికి లేవాలన్నది మాది అని ఇంట్లో తీర్మానించుకున్నాం. వీసా లేని దేశానికి నలుగురమే వెళ్తే ఏజెంటు అక్కర్లేదు. పెద్దవాళ్ళు ఉన్నా, వీసా చిక్కుగా ఉన్నా నేను మాత్రం ఆవిడకే ఫోన్ చేస్తాను.

మొన్న ఆవిడే మెసేజ్ పెట్టారు, మావయ్య పాస్‌పోర్టు గడువు దగ్గరపడుతోంది, ఆర్నెల్ల ముందే రెన్యువల్‌కి పెట్టుకోమని. దాని కిందే బాలి ప్యాకేజీ పోస్టరూ ఉందనుకోండి. మావయ్యకి చెబితే, "ఈ వయసులో ఇక నాకు పాస్‌పోర్టెందుకే" అన్నారు. భోజనం చేసి చెయ్యి కడుక్కుని వచ్చాక, "శ్రీలంకకి ఎంతవుతుందో ఆవిడనోసారి అడుగు" అన్నారు.