వేడంతాంగల్‌లో పక్షులు బాగున్నాయి, గది మాత్రం పచ్చి మోసం

మా అత్తయ్యది సూళ్లూరుపేట దగ్గర పల్లె. అక్కడి నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులను (పెలికాన్‌లను) చూస్తూ పెరిగిన మనిషి. సంక్రాంతి తర్వాత చెన్నై పెరంబూరులో మా ఇంటికి వచ్చి, పది రోజులు నాలుగు గోడల మధ్య కూర్చుని విసిగిపోయింది. ఆమె కోసమే జనవరి చివరి శనివారం వేడంతాంగల్ పక్షుల చెరువుకి ప్రయాణం పెట్టుకున్నాం. చెన్నై నుంచి దాదాపు 80 కిలోమీటర్లు. చెంగల్పట్టు దాటాక పడాలం దగ్గర కుడివైపు తిరగాలి. రెండు రోజులకు కారు 5,200 రూపాయలు. డ్రైవర్ మంచివాడు, దారిలో ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బందంతా బసతోనే. ఓ లాడ్జికి ఫోన్ చేస్తే "చెరువు పక్కనే మేడమ్, బాల్కనీలోంచి పక్షులు కనపడతాయి" అన్నాడు అక్కడి మనిషి. గదికి 4,800, అదనపు పరుపుకి 900, మొత్తం ముందే కట్టించుకున్నాడు. తీరా వెళ్తే అది చెరువుకి 16 కిలోమీటర్ల దూరంలో, హైవే పక్కన ఉంది. బాల్కనీ ఎదురుగా జనరేటర్ షెడ్డు. ఇదేంటని అడిగితే "పక్షులు ఇటు మీదుగానే వెళ్తాయి కదా మేడమ్" అన్నాడు. మావారి ముఖం అక్కడే మాడిపోయింది. ఈత కొలను లేదని మా అబ్బాయి అలిగాడు. అత్తయ్య మాత్రం ఆవరణలో పెద్ద చింతచెట్టు మీద చేరిన తెల్లకొంగలను చూసి "ఇవైనా ఉన్నాయి లేమ్మా" అంది.

రాత్రి ఎనిమిదికి కింద హాల్లో ఎవరిదో పుట్టినరోజు డీజే మొదలైంది. కిటికీ అద్దాలు అదిరాయి. మావారు వెళ్లి చెబితే "వాళ్లు హాలుకి డబ్బు కట్టారు సార్" అన్నారు. మేం కట్టింది డబ్బు కాదా? పదకొండున్నరకు టపాసులు కాల్చారు. మొదటి వరస పేలగానే చింతచెట్టు మీది కొంగలన్నీ ఒక్కసారిగా లేచాయి. ఎటు పోవాలో తెలియక చీకట్లో కరెంటు తీగల దగ్గర గిరగిరా తిరిగాయి. అత్తయ్య బాల్కనీలో నిలబడి "అయ్యో, రాత్రిపూట వాటికి కళ్లు కనపడవురా" అంటూ ఏడ్చేసింది. ఆ రాత్రి మాలో ఎవరికీ సరిగ్గా నిద్ర పట్టలేదు. ఉదయం చూస్తే చెట్టు మీద మూడంటే మూడు కొంగలు.

ఐదుంపావుకే గది ఖాళీ చేశాం. ఆరు దాటగానే చెరువు కట్ట మీద ఉన్నాం. నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద ఆకులకన్నా పక్షులే ఎక్కువ! నత్తగుల్ల కొంగలు, తెడ్డుమూతి కొంగలు, పెయింటెడ్ స్టార్క్‌లు, నీటికాకులు. గూడబాతులు కనపడగానే అత్తయ్య ముఖం విప్పారింది. "మా ఊరివి ఇక్కడికీ వచ్చాయే" అని మనవడికి చూపించింది. 50 రూపాయలకు అద్దెకు తీసుకున్న బైనాక్యులర్ వాడి చేతిలోంచి గంటసేపు మాకు రాలేదు. గూటిలో పిల్ల తల్లి నోట్లోకి తల దూర్చి చేప లాక్కుంటుంటే, రాత్రి అలకంతా మరిచిపోయి కేకేయబోయాడు. నానమ్మే వాడి నోరు మూసింది.

కట్ట కింద కొట్లో ఆరు దోశలు, నాలుగు టీలు కలిపి 230 రూపాయలు. అల్లం చట్నీ అడిగి మరీ వేయించుకున్నాం. కొట్టు పెద్దాయనకు రాత్రి సంగతి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, తమ ఊళ్లో దీపావళికి కూడా టపాసులు కాల్చరని, చిన్నపిల్లలు కూడా అడగరని చెప్పాడు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి పారితే వరికి ఎరువు పెద్దగా అక్కర్లేదట. అందుకే ఈ కాపలా ఇప్పటిది కాదు. తెల్లదొరల సైనికులు పక్షులను కాల్చుతున్నారని రైతులు మొరపెట్టుకుంటే, 1798లో చెంగల్పట్టు కలెక్టర్ లయొనెల్ ప్లేస్ ఆ పక్షుల రక్షణ కోసం ఊరివాళ్లకు కౌలునామా (హామీపత్రం) రాసిచ్చాడు. 2022లో రామ్‌సర్ జాబితాలో (ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా) చేరకముందు రెండు వందల ఏళ్లకు పైగా ఈ చెరువును కాచింది ఆ ఊరే. చుట్టూ ఐదు కిలోమీటర్ల రక్షిత ప్రాంతాన్ని తగ్గించాలని 2020లో ప్రతిపాదన వస్తే జనం గట్టిగా ఎదిరించారు. వాళ్లను తలుచుకుంటే ఆ లాడ్జి వాళ్ల మీద నాకు ఇంకా కోపం వస్తోంది. పక్షుల బొమ్మ బోర్డు మీద వేసుకుని, పక్షుల పేరుతో డబ్బు తీసుకుని, వాటి కంటి ముందే టపాసులు కాల్చనిస్తారా?

వెళ్లేవాళ్లు రాత్రి బస పెట్టుకోకండి, అవసరం లేదు. తెల్లవారుజామున నాలుగింటికి చెన్నైలో బయల్దేరితే సరిపోతుంది. లేదా మధ్యాహ్నం వెళ్లి, మేతకు పోయిన పక్షులు గుంపులుగా తిరిగొచ్చే నాలుగు నుంచి ఆరు మధ్య చూడండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అయితే ఈశాన్య రుతుపవనాల వానలు పడి చెరువు నిండిందో లేదో ముందే కనుక్కోండి, నీళ్లు లేకపోతే పక్షులు రావు. మెరిసే రంగుల బట్టలు వద్దు. గది తీసుకోక తప్పదంటే చెరువు నుంచి ఎన్ని కిలోమీటర్లో, హాల్లో పార్టీలు ఉన్నాయో లేదో రాతపూర్వకంగా అడగండి.

డబ్బు వెనక్కి ఇవ్వమని మూడుసార్లు ఫోన్ చేశాను. పరుపు తాలూకు 900 మాత్రం వేశారు. మిగతా 4,800 గురించి వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు రాస్తున్నాను. అందులో కొంగల సంగతి కూడా రాయమని అత్తయ్య పక్కనే కూర్చుంది.