మెట్టుగడ్డ రొట్టెల బండి, నా ఏడు కిలోలు

ఈ జొన్న రొట్టెల బండికి బోర్డు లేదు. మహబూబ్‌నగర్ మెట్టుగడ్డలో సాయంత్రం ఐదున్నరకు కట్టెల పొయ్యి పొగ లేచిందంటే రొట్టెలు చేసే అక్క వచ్చిందని లెక్క. తొమ్మిది నెలలుగా వారానికి ఆరు రోజులు నా రాత్రి తిండి అక్కడిదే.

మొదట పోయింది రుచి కోసం కాదు, టెన్షన్‌తో. నాకు 47 ఏళ్లు, కుర్చీలో కూర్చుని చేసే కొలువు, 88 కిలోల బరువు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్షలో (HbA1c) 6.1 వచ్చింది. "షుగర్ ఇంకా రాలేదు, గడప దాకా వచ్చింది. రాత్రి అన్నం తగ్గించండి, రోజూ నడవండి" అంది డాక్టరమ్మ. మందులేమీ రాయలేదు.

మొదటి నెల నేను చేసిన పని చెబితే నవ్వుతారు. జొన్న రొట్టే కదా అని పూటకు నాలుగు లాగించాను, పక్కన నూనె తేలే వంకాయ కూర. పైగా పోయేది స్కూటర్ మీద. అరకిలో పెరిగాను! జొన్నలైనా బియ్యమైనా వంద గ్రాములకు కేలరీలు ఇంచుమించు ఒకటే, 350 దరిదాపుల్లో. తేడా అంతా పీచులో ఉంది, తెల్ల బియ్యం కంటే జొన్నల్లో మూడింతలు. పైగా పప్పన్నంలా గుటుక్కున మింగడం కుదరదు, నమలాల్సిందే. రెండో రొట్టె సగంలో ఉండగానే కడుపు చాలంటుంది. మనం వినాలంతే.

అక్క చేతిపని మాత్రం చూసి తీరాలి. వేడినీళ్లతో కలిపిన పిండిని పగుళ్లు పోయేదాకా అరచేత్తో రుద్దుతుంది. పీట మీద పొడిపిండి చల్లి తడుతుంటే రొట్టె తనంతట తానే గుండ్రంగా తిరుగుతున్నట్టుంటుంది. పెంక మీద వేసి తడిగుడ్డతో పైన ఒక్కసారి రాస్తుంది. ఆ తడి ఆరగానే తిప్పి, నిప్పుల మీదికి నెడితే బుస్సున పొంగుతుంది. చుక్క నూనె పడదు. రొట్టె పదిహేను, పుంటికూర పప్పు ఇరవై రూపాయలు. నా వరకు ఆ పప్పే అసలు సరుకు.

లోపాలూ ఉన్నాయి. వంకాయ కూర సంగతి చెప్పాను కదా. పల్లీల తొక్కులో ఉప్పు ఎక్కువ, బీపీ ఉన్నవాళ్లు ముట్టకండి. పార్సిల్ ప్లాస్టిక్ కవర్లో కడుతుంది, ఇల్లు చేరేసరికి రొట్టె చెమటపట్టి తోలులా సాగుతుంది. ఇంటి నుంచి నూలుగుడ్డ తీసుకుపోండి. ఏడు దాటితే ఇరవై నిమిషాలు నిలబడాలి.

ఒకరోజు స్కూటర్ పంక్చరై నడిచిపోయాను. ఫోన్ చూస్తే రానూపోనూ 3,800 అడుగులు. ఆ తర్వాత పంక్చర్ వేయించాను గానీ, అక్కడికి పోవడానికి స్కూటర్ తీయలేదు. చాయ్‌లో చక్కెర కూడా రెండు చెంచాల నుంచి అర చెంచాకు వచ్చింది. మధ్యలో రెండు నెలలు తూకం ముల్లు కదల్లేదు, అయినా తొమ్మిది నెలలకు 81 మీద నిలిచింది. అదే పరీక్షలో షుగర్ 5.6.

మొన్న అక్కే అడిగింది: "రెండే సాలునా సారూ? మొదట్ల నాలుగు తింటుంటివి గదా. గిట్లయితే నా గిరాకీ ఏం గావాలె?"

ఆదివారం బండి బంద్. ఆ రోజు మా ఇంట్లో బగారా అన్నం, నా నడక కూడా బంద్.