తెలుగు కర్సివ్ ఫాంట్ అంటూ అమ్ముతున్నారు, డబ్బు కట్టే ముందు ఇది చదవండి

నెల్లూరు, ఒంగోలు వైపు శుభలేఖల పని, డీటీపీ చేసుకునే అన్నలూ తమ్ముళ్లూ, జాగ్రత్త. నాది కావలిలో చిన్న షాపు. పోయిన నెల ఒక వాట్సాప్ గ్రూపులో తెలుగు కర్సివ్ ఫాంట్, అంటే చేత్తో కలిపి రాసినట్టుండే ఫాంట్ అమ్ముతామని ఫొటో పెట్టారు. క్రీమ్ కలర్ కార్డు మీద "శుభలేఖ" అని సన్నటి పాళీతో రాసినట్టు ఉంది. "లే" మీద ఏత్వం దారప్పోగులా సాగి పక్కనున్న "ఖ"ను తాకుతోంది. అంత ముద్దొచ్చే తెలుగు అక్షరం నేను చూడలేదు. వెంటనే 799 రూపాయలు ఫోన్‌పే చేసేశాను.

జిప్ ఫైల్ విప్పి యూనికోడ్‌లో కొడితే రోజూ చూసే విండోస్ తెలుగు ఫాంట్ గౌతమి అక్షరాలే వచ్చాయి. అందులో ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే. ఫాంట్‌లో తెలుగు లేకపోతే విండోస్ తన దగ్గరున్న తెలుగు ఫాంట్‌ను తెచ్చి పెట్టేస్తుంది. యూనికోడ్ కాని పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ అనులో కొట్టిన మ్యాటర్‌కి పెడితే అదీ లేదు, అన్నీ పిచ్చి గుర్తులే. అమ్మినతన్ని అడిగితే "అది మోడల్ ఫొటో బ్రదర్" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు.

పెళ్లి దగ్గర పడిందని కార్డులు ఆర్డరిచ్చిన పార్టీ వాళ్ల టెన్షన్. సరే, ఇంగ్లీషు కార్డుకైనా పనికొస్తుందని దాంతోనే మెరూన్ కార్డు మీద గోల్డ్ స్క్రీన్ ప్రింటింగ్ వేయించాను. తప్పు నాదే. అక్షరాన్నీ అక్షరాన్నీ కలిపే గీత వెంట్రుకంత సన్నం. స్క్రీన్ గుడ్డలోంచి గోల్డ్ అక్కడ దిగలేదు. పెళ్లికూతురి పేరు మధ్యలో తెగిపోయింది. అడ్రసు చిన్నగా 10 పాయింట్ల సైజులో పెట్టాను, ఫోన్ నంబర్లో 1 ఏదో 7 ఏదో వాళ్ల నాన్నగారికే తెలియలేదు. 150 కార్డులు నా ఖర్చుతో మళ్లీ వేయించి ఇచ్చాను.

ఇలాంటి ఫాంట్ లేత రంగు కార్డు మీద, ముదురు ఇంకుతో, వధూవరుల పేర్ల వరకు పెద్ద సైజులో వాడితే నిజంగా అందంగా ఉంటుంది. ఆల్బమ్ కవర్‌కీ బాగుంటుంది. ముహూర్తం, అడ్రసు, నంబర్లు మాత్రం మామూలు ఫాంట్‌లోనే పెట్టండి. అన్నీ క్యాపిటల్స్‌లో అసలు కొట్టొద్దు, ఒక్క ముక్క చదవలేరు.

ఇంకో సంగతి. జిప్‌లో ఒక మూల చిన్న టెక్స్ట్ ఫైల్ ఉంది, సొంత వాడకానికి మాత్రమే అని. అంటే కస్టమర్ పనికి వాడే హక్కు కూడా నాకు రాలేదు. గ్రేట్ వైబ్స్, అల్యూరా, అలెక్స్ బ్రష్ లాంటి కర్సివ్‌లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం, వ్యాపారానికీ వాడుకోవచ్చు. తెలుగుకి మండలి, సూరన్న, పెద్దన కూడా అక్కడే దొరుకుతాయి. అవి కర్సివ్ కావు గానీ ప్రింట్‌లో మోసం చేయవు.

అదే ఫొటో ఇప్పుడు వేరే గ్రూపుల్లో తిరుగుతోంది. మీకూ వస్తే "లక్ష్మీ, జ్ఞాన, స్త్రీ" లాంటి ఒత్తులున్న మాటలు ఆ ఫాంట్‌లో టైప్ చేస్తూ వీడియో తీసి పంపమనండి. పంపకపోతే రూపాయి కూడా కట్టొద్దు.