నరసాపురం పంటు: పద్దెనిమిదేళ్ళ వాడకం తర్వాత

మాది సఖినేటిపల్లి మండలంలో చిన్న ఊరు. ఉద్యోగం నరసాపురంలో, ఒక బట్టల కొట్లో లెక్కలు రాయడం. మధ్యలో వశిష్ఠ గోదావరి. 2007 నుంచి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పంటు మీద ఏరు దాటుతున్నాను. ఇన్నేళ్ళు వాడిన వస్తువు మా ఇంట్లో కూడా ఇంకోటి లేదు.

తెలియనివాళ్ళకి చెప్తున్నా, రెండు పడవలు పక్కపక్కన కట్టి పైన బల్లలు పరిస్తే పంటు. మనుషులు, మోటారుసైకిళ్ళు, కార్లు, అరటి గెలలు, కొబ్బరికాయలు అన్నీ ఎక్కుతాయి. దాటడానికి పది పదిహేను నిమిషాలు. రోడ్డు మీద రావాలంటే రాజోలు, దిండి మీదుగా చించినాడ వంతెన ఎక్కి దిగమర్రు వైపు నుంచి తిరిగి రావాలి. ముప్పై కిలోమీటర్ల పైమాటే. ముక్కు ఎక్కడుందంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు.

పంటుకి టైమ్‌టేబుల్ లేదు, నిండితే కదులుతుంది. అసలు టైమ్‌టేబుల్ సముద్రం చేతిలో ఉంది. అంతర్వేది దగ్గర ఏరు సముద్రంలో కలుస్తుంది కాబట్టి మా రేవు దాకా పోటూ (నీరు ఎక్కడం) పాటూ (నీరు తియ్యడం) తగులుతాయి. పోటు మీద హాయిగా వెళ్ళిపోతాం. పాటు బాగా తీసిన రోజు ఇసుక మేటలు తప్పించుకుంటూ వెళ్ళాలి, ర్యాంపు దగ్గర బండి దింపడం టెన్షనే. మొదటి ఏడాదే నా బండి జారి సైలెన్సర్ దాకా ఉప్పునీళ్ళలో మునిగింది. అప్పట్నుంచి అమావాస్య, పున్నమి ఎప్పుడో పంచాంగంలో చూసుకుంటున్నా. నాకు భక్తి పెరిగిందని మా ఆవిడ సంబరపడింది.

వరదప్పుడు మాత్రం దీన్ని నమ్ముకోకూడదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక. ఆ మాట వినగానే రెండు జతల బట్టలు సంచిలో పడేస్తా, ఏ పూట పంటు ఆపుతారో తెలీదు. 2022 జులైలో మూడో హెచ్చరిక, అంటే 17.75 అడుగులు, అదీ దాటేసింది. వారం పైగా నరసాపురంలో చుట్టాలింట్లో పడుకున్నా.

రాత్రులు ఇంకా కష్టం. ఒకసారి నాన్నకి అర్ధరాత్రి గుండెనొప్పి వచ్చింది. పంటు కట్టేశారు. ఏటిగట్టు మీద నుంచి చూస్తే నరసాపురం దీపాలు కనిపిస్తున్నాయి, అంబులెన్సు మాత్రం రాజోలు వైపు తిరిగింది. బతికారు. ఆ ప్రయాణం గురించి ఆయన ఇప్పటికీ మాట్లాడరు.

ఇన్నేళ్ళలో పంటు ఎక్కే జనం మారిపోయారు. మొదట్లో కాలేజీ పిల్లల గోల, లేసు అల్లికల మూటలతో ఆడవాళ్ళు. ఇప్పుడు మందుల చీటీలు పట్టుకున్న పెద్దవాళ్ళే ఎక్కువ. 2011 లెక్కల్లో ఉమ్మడి తూర్పుగోదావరిలో వెయ్యిమంది మగవాళ్ళకి 1,006 మంది ఆడవాళ్ళు. మా వీధిలో ఆ లెక్క కూడా కుదరదు, కువైట్‌కి మగవాళ్ళూ వెళ్ళారు, ఆడవాళ్ళూ వెళ్ళారు. పదకొండు ఇళ్ళలో నాలుగింటికి తాళాలు. రేషన్ కార్డుల్లో మాత్రం ఊరు నిండుగానే ఉంటుంది.

2025 ఆగస్టు నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఉచితం. మా ఆవిడ ఆధార్ చూపించి రాజోలు వెళ్ళొస్తోంది. పంటుకి డబ్బులే. ఇక్కడ వంతెన మాట ప్రతి ఎన్నికలకీ వింటాం. కోటిపల్లి–నరసాపురం రైలు లైను అయితే 2000-01లో మంజూరైంది. కోటిపల్లి దగ్గర గౌతమిలో స్తంభాలు లేచాయి, మాకు రైలు కూత మాత్రం ఇంకా ఏటి అవతల నుంచే వినిపిస్తుంది.

లైఫ్ జాకెట్లు వేసుకునేవాళ్ళు తక్కువ, నాతో కలిపి. అది మా తప్పే.

కొత్తగా వచ్చేవాళ్ళు మాఘమాసంలో అంతర్వేది తీర్థం రోజుల్లో కారుతో ఈ రేవుకి రాకండి, చించినాడ మీదుగానే రండి. మామూలు రోజుల్లో, రైలు అందుకోవాలంటే గంట ముందు బయల్దేరండి. మొన్న ఒకాయన పెట్టె పట్టుకుని నిమిషానికోసారి వాచీ చూసుకుంటుంటే పంటు నడిపే కుర్రాడు, "ఆయ్, పాటు మీదుందండి ఏరు, కూర్చోండి" అని బల్ల తుడిచి పెట్టాడు.