పైథాన్‌లో ఫైళ్ల ఫంక్షన్లు: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత పేర్ల గురించి

ఎనిమిదేళ్లుగా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఫైళ్లతోనే నా పని. స్కాన్ చేసిన బిల్లులకు పేర్లు మార్చడం, ఫోల్డర్లలో సర్దడం, బ్యాకప్ తీయడం. పైథాన్‌తో పాటే వచ్చే రెడీమేడ్ ఫంక్షన్ల లైబ్రరీ గట్టిదే. నన్ను ఏడిపించినవి పేర్లు.

ఆ లైబ్రరీలో ఓఎస్ అనే భాగం (మాడ్యూల్) ఉంది, అందులోని రీనేమ్ సంగతే చూడండి. పేరు మారుస్తుంది, అంతే కదా అనుకుంటాం. కొత్త పేరుతో అప్పటికే ఫైల్ ఉంటే నా విండోస్ ల్యాప్‌టాప్‌లో ఎర్రర్ ఇచ్చి ఆగేది. ఆ ధైర్యంతోనే స్క్రిప్ట్‌ను లినక్స్ సర్వర్ మీద పెట్టాను. అక్కడ ఉలుకూ పలుకూ లేకుండా పాత ఫైల్‌ను తుడిచేసింది. ఒకే నంబరుతో రెండు బిల్లులు వచ్చిన చోటల్లా మొదటిది మాయం! బ్యాకప్‌లోంచి ఒక్కొక్కటీ వెతికి తెచ్చేసరికి రాత్రి రెండు దాటింది. ఆ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు. పైథాన్ 3.3 వెర్షన్‌లో వచ్చిన రీప్లేస్ చేసే పనీ ఇదే, కానీ ఉన్నదాన్ని తీసి ఆ చోట పెడతానని పేరులోనే చెప్పేస్తుంది. రెండు సిస్టమ్‌లలోనూ మాట మీద ఉంటుంది.

ఫైళ్లను కాపీ చేయడానికి వాడే షుటిల్ మాడ్యూల్‌లో కాపీఫైల్, కాపీ, కాపీ2 ఉన్నాయి. మొదటిది ఫైల్ లోపలిది మాత్రమే తెస్తుంది, రెండోది పర్మిషన్లు కూడా, మూడోది తేదీలు కూడా. 2 అనే అంకె చూసి తేదీలని ఎవరికి తడుతుంది? ఇంటి ఫొటోలను కాపీతో మార్చాక అన్నిటికీ ఆ రోజు తేదీ పడింది. అలా తెలిసింది నాకు.

3.4లో వచ్చిన పాత్‌లిబ్ అనే మాడ్యూల్‌తో (ఫైళ్లు, ఫోల్డర్ల పాత్‌లకు) రాసిన కోడ్ చదవడానికి హాయిగా ఉంటుంది. అయినా ఫైల్ తీసేయడానికి అక్కడ అన్‌లింక్ అనే రాయాలి. ఈ పదం వాడే యూనిక్స్ (లినక్స్ లాంటి సిస్టమ్‌లకు మూలం) తెలిసినవాళ్లకు ఇబ్బంది లేదు గానీ, కొత్తగా నేర్చుకునేవాళ్లకు ప్రతిసారీ ఆగి చెప్పాల్సి వస్తోంది.

అన్నిటికన్నా తికమక పెట్టింది పాత్‌లిబ్‌లోనే 3.8 నాటి లింక్_టు, ఒకే ఫైల్‌కు ఇంకో పేరు (హార్డ్ లింక్) పెట్టేది. ఏ.సిమ్‌లింక్_టు(బి) అంటే ఏ అనే లింకు పుట్టి బిని చూపిస్తుంది. ఏ.లింక్_టు(బి) అంటే మాత్రం పుట్టేది బి! దీన్ని డాక్యుమెంటేషన్‌లో ఒక హెచ్చరికతో సరిపెట్టలేదు. 3.10లో సరైన దిశలో హార్డ్‌లింక్_టు తెచ్చారు, 3.12లో పాతదాన్ని తీసేశారు. నాకు ఇది బాగా నచ్చింది.

3.14లో పాత్‌లిబ్‌కే కాపీ, కాపీ_ఇన్‌టు వచ్చాయి. షుటిల్ కాపీకి "బ్యాకప్" అని ఇస్తే, ఆ ఫోల్డర్ ఉంటే అందులోకి వెళ్లేది, లేకపోతే బ్యాకప్ అనే పేరుతో ఒక ఫైలే తయారయ్యేది. ఇప్పుడు ఫోల్డర్‌లోకి పంపాలంటే కాపీ_ఇన్‌టు రాస్తాను. పక్కన కూర్చున్నవాళ్లు ఆ లైన్ చూసినా అది ఎక్కడికి వెళ్తుందో చెప్పేస్తారు.