హనుమకొండలో ఫ్రాజైల్ ఎక్స్ పరీక్ష: కరపత్రంలో లేనిది కౌన్సెలర్ చెప్పారు

మా మేనల్లుడికి పదిహేనేళ్లు. పిల్లల డాక్టరు ఫ్రాజైల్ ఎక్స్ (తెలివితేటల ఎదుగుదలను మందగింపజేసే, వంశపారంపర్యంగా వచ్చే జన్యు జబ్బు) అని అనుమానించి రాసిచ్చిన చీటీ పట్టుకొని, పరకాల నుంచి హనుమకొండలోని ఒక డయాగ్నస్టిక్ కేంద్రానికి వెళ్లాం. ఊదారంగు మూత గొట్టంలో రక్తం తీసి హైదరాబాద్‌కు పంపారు. మూడు వారాల్లో వస్తుందన్న రిపోర్టు ఐదు వారాలకు వచ్చింది. ఎప్పుడు ఫోన్ చేసినా 'రేపు' అన్న మాటే వినిపించింది.

దాంతోపాటు ఇచ్చిన కరపత్రం ఈ జబ్బును 'మెదడు ప్రోటీన్ లోపం' అని తేల్చేసింది. అది సగం మాటే. ఈ జబ్బుకు మూలమైన, 1991లో గుర్తించిన ఎఫ్ఎంఆర్1 జన్యువు నుంచి తయారయ్యే ప్రోటీన్ ఆర్ఎన్ఏను (జన్యువులోని సమాచారానికి కణం తీసుకునే నకలు) అంటిపెట్టుకొని, కణంలో ఇతర ప్రోటీన్ల తయారీని అదుపులో ఉంచుతుంది. ఈ పని మెదడులోనే కాక వృషణాలతో సహా అనేక అవయవాల్లో సాగుతుంది.

ఆ కేంద్రంలో జన్యు జబ్బుల గురించి సలహా ఇచ్చే కౌన్సెలర్ మేడమ్ మాత్రం పిల్లవాడిని నిలువెల్లా చూశారు. బొటనవేలిని వెనక్కి వంచితే మణికట్టుకు తగిలింది, చెప్పులు విప్పిస్తే పాదాలు చదునుగా ఉన్నాయి. కీళ్లు ఇంత వదులుగా ఉన్నవారిలో గుండె కవాటం కూడా వదులుగా ఉండవచ్చని ఎకో (గుండె స్కానింగ్) రాశారు. వరిబీజమేమోనని మేము భయపడుతున్న వాపు గురించి, పాత స్కానింగులో నీరు లేదని చూపించి, ఈ జబ్బున్న మగపిల్లల్లో యుక్తవయసు తర్వాత వృషణాలు పెద్దవి కావడం మామూలేనని, ఆపరేషన్ అక్కర్లేదని చెప్పారు.

తర్వాత మా అక్క వైపు తిరిగి, "నెలసరి సరిగ్గా వస్తోందా అమ్మా?" అని అడిగారు. ముప్పయ్యేడేళ్ల అక్కకు ఏడాదిగా తప్పుతోంది. ఇన్నాళ్లూ థైరాయిడ్ అనే అనుకున్నాం. మేడమ్ రిపోర్టు వెనక పూసల దండ గీశారు. ఆ జన్యువులో వరసగా మళ్లీ మళ్లీ వచ్చే మూడక్షరాల ముక్క, సీజీజీ అనే పూస, మామూలుగా ముప్పై సార్ల దాకా వస్తుంది. పిల్లవాడిలో 200 దాటి జన్యువు మూతబడింది, ప్రోటీన్ తయారు కావడం లేదు. 55 నుంచి 200 మధ్య ఉన్న అక్కలో ప్రోటీన్ తయారవుతోంది కానీ, ఆ జన్యువు నుంచి మితిమీరి వచ్చే ఆర్ఎన్ఏ అండాశయాన్ని దెబ్బతీస్తుంది. ఇలాంటి స్త్రీలలో సుమారు ఐదుగురిలో ఒకరికి నలభై దాటకముందే అండాశయం పని తగ్గిపోతుందట. పిల్లల విషయం వాయిదా వేస్తున్న మా చెల్లె కూడా పరీక్ష చేయించుకోవాలని ఆమె చెప్పేదాకా మాకెవరికీ తట్టలేదు.

ఫోన్ ఎత్తే తీరుకు, కరపత్రానికి ఒక్క మార్కు కూడా వేయను. కౌన్సెలింగ్‌కు నిండుగా ఐదు. ఆమె వచ్చేది శనివారాలే కాబట్టి ముందే సమయం అడగండి, పాత స్కానింగులు, తల్లి వాడే మందుల చీటీలు వెంట తీసుకెళ్లండి. చెల్లె పోయిన వారమే రక్తం ఇచ్చింది.